బొంతకుట్టు: సూది వేగము, చేతి వేగము

చలికాలము సమీపింపగానే మన యిండ్లలో పెట్టెల అడుగునుండి బొంతలు వెలుపలికి వచ్చును. నాయనమ్మ కట్టి విడిచిన నేతచీర, తాతగారి పంచె, పిల్లలకు పొట్టియైన చొక్కాలు పొరలుపొరలుగా ఒక్కటై మరల మనకు వెచ్చదనము నిచ్చును. సికింద్రాబాదువంటి ఊరిలో దీనిని బొంత యనువారును, గోధడి యనువారును కలరు; నడుమ దూది పరచినదైనచో రజాయి యందురు. పేరేదైనను దానికి ప్రాణము కుట్టే. గుడ్డ ఎట్లును పాతదే. పొరలు జారకుండ, దూది ఒక మూలకు చేరకుండ నిలుపునది దారము.

ఆ కుట్టు సమముగా నుండవలెననుట అందము కొరకు మాత్రమే కాదు. కుట్టు మరీ నిడుపైనచో పసిపాప కాలివ్రేలు అందులో చిక్కును. ఉతుకులో దారము తెగి వరుస ఊడును. మరీ పొట్టియైనచో సూదిపోట్లు దగ్గరదగ్గరగా పడి, నలిగిన పాతగుడ్డ ఆ గీత వెంబడినే చిరుగును. తప్పుపోయినచో విప్పుటయు కష్టము. చేతికుట్టులో ఈ సమత్వమును వ్రేళ్లే నేర్చుకొనును. మిషనుపై దానిని సాధించుట ఎట్లు? అందులకై అమ్ముచున్న సాధనములలో ఏది ఎవరికి అవసరము? ఇదియే ఈనాటి మన ప్రసంగ విషయము.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. సాధారణముగా కుట్టునప్పుడు గుడ్డను ముందుకు జరుపునది మన చేయి కాదు. సూదిక్రింద నున్న పళ్ళు ప్రతి పోటుకును గుడ్డను ఒక నియమిత దూరము నెట్టును. ఆ దూరమును నిర్ణయించునది మిషను ప్రక్కనుండు మీట, లేక మరచుట్టు. పాత నల్ల మిషనుల వెంట వచ్చిన ఆంగ్ల పుస్తకములలో దానికే స్టిచ్ రెగ్యులేటర్ అను పేరు కనబడును. పళ్ళు సరిగా పనిచేయుచున్నంతసేపు వేగమునకును కుట్టు నిడివికిని సంబంధము లేదు. మెల్లగా త్రొక్కినను, వడిగా త్రొక్కినను కుట్టు ఒకే కొలతలో పడును.

బొంతపై మామిడిపిందెలు, తీగెలు, నెమళ్లు కుట్టదలచినప్పుడు పరిస్థితి మారును. అప్పుడు పళ్ళను క్రిందికి దింపి, లేదా వానిపై రేకు కప్పి, గుడ్డను చేతులతో నలుదిక్కులకు త్రిప్పవలెను. రింగు బిగించి మిషను ఎంబ్రాయిడరీ నేర్చినవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. ఇక్కడ కుట్టు నిడివి రెండు వేగములపై ఆధారపడును: ఒకటి సూది వేగము, రెండవది చేతి వేగము.

లెక్క చూతము. సూది నిమిషమునకు 600 పోట్లు వేయుచున్నది. చేయి అదే నిమిషములో గుడ్డను 150 సెంటీమీటర్లు జరుపుచున్నది. అనగా 1500 మిల్లీమీటర్లను 600 పోట్లు పంచుకొనును. ఒక్కొక్క కుట్టు రెండున్నర మిల్లీమీటర్లు. నిడుపైన తీగెవద్ద చేయి రెట్టింపు వేగముతో సాగినచో కుట్టు 5 మిల్లీమీటర్లగును. మలుపువద్ద చేయి సగము వేగమునకు తగ్గినచో ఒకటింబావు మిల్లీమీటరే యగును. సూది తప్పేమియు లేదు. అది సమముగానే నడచినది. మారినది చేయి.

ఇపుడు సాధనములలో మొదటిదగు వేగ నియంత్రకమును చూతము. ఇది సూది వేగమును మాత్రమే అదుపులో నుంచును. నిజమునకు కాలితో త్రొక్కు పాత మిషనుకు పాదమే నియంత్రకము. అలవాటైన పాదము సూదిని ఒక్కొక్క పోటుగా నడపగలదు. కరెంటు మోటారు బిగించిన తరువాతనే చిక్కు వచ్చినది. పాత తరహా త్రొక్కుడు పెట్టెలలో కొన్నింట బొగ్గు బిళ్ళలుండును. త్రొక్కినకొలది అవి దగ్గరగా నొక్కుకొని ఎక్కువ కరెంటును పోనిచ్చును. తక్కువ వేగమున మోటారుకు బలము చాలదు. నాలుగు పొరలవద్ద సూది ఆగును. మరికొంచెము త్రొక్కగానే ఒక్కసారిగా పరుగెత్తును. ఆ దూకుడులోనే కుట్టు చెడును, వ్రేలికి ప్రమాదమును కలుగును.

మంచి ఎలక్ట్రానిక్ నియంత్రకము మోటారు తిరుగు వేగమును కనిపెట్టి, బరువు పడినప్పుడు బలమును పెంచును. కొన్ని మిషనులపై జరుపుడు బొత్తాము ఒకటి యుండును; దానిని సగమువద్ద నిలిపినచో పాదమును ఎంత త్రొక్కినను వేగము ఆ హద్దు దాటదు. క్రొత్తగా నేర్చువారికి ఇది గొప్ప మేలు. ఒక హెచ్చరిక: గోడకుండు ఫ్యాను రెగ్యులేటరును కుట్టుమిషను మోటారుకు తగిలింపరాదు. అది వేరుజాతి మోటారు కొరకు చేసినది. దారము ఎక్కించునప్పుడును, సూది మార్చునప్పుడును ప్లగ్గు తీయుట మరువరాదు.

రెండవ సాధనము నేటి స్టిచ్ రెగ్యులేటర్. పేరు పాతదే, పని వేరు. ఇది చేతి వేగమును కొలిచి, దానికి తగినట్లు సూది వేగమును మార్చును. చేయి వడిగా సాగిన సూదియు వడిగా నడచును. చేయి తగ్గిన సూదియు తగ్గును. కొలిచెడి విధములు రెండు. కొన్ని మిషనులలో పాదము వద్దనే ఒక చిన్న కన్ను ఉండి, కంప్యూటరు మౌస్ బల్లను చూచినట్లు, గుడ్డ కదలికను చూచును. స్విట్జర్లాండుకు చెందిన బెర్నినా మిషనులలోని సాధనము ఈ జాతిది. గుడ్డను చట్రమునకు బిగించి మిషనునే బండిపై జరుపు పద్ధతిలో, చట్రముపై దొరలు చిన్న చక్రములు ఆ కొలతను తీయును.

ఇది సమస్తమును సరిచేయునని భ్రమింపరాదు. కన్ను గుడ్డ అంచు దాటినచో లెక్క తప్పును. చక్రమునకు దారపు పీచు చుట్టుకొని జారినచో కుట్టు నిడుపగును. మోటారు గరిష్ఠ వేగమును మించి చేయి పరుగెత్తినచో ఏ సాధనమును అందుకొనజాలదు. చేయి ఆగినప్పుడు సూదియు ఆగు తీరు ఒకటి, మెల్లగా కదలుచునే యుండు తీరు మరియొకటి కొన్నింట కలవు. రెండవ దానిలో మలుపువద్ద ఆలోచించుచు నిలిచినచో ఒకేచోట పోట్లు గుట్టపడును. అన్నిటికంటె ముఖ్యము, ఇది కుట్టును సమము చేయునే కాని గీతను చక్కచేయదు. నెమలి మెడ వంకర పోయినచో ఆ వంకరయే చక్కని కుట్లతో పడును.

కావున మా సలహా ఇది. నిలువు, అడ్డ గీతలతో బొంత కుట్టువారికి ఈ రెండింటిలో ఏదియు అవసరము లేదు. పళ్ళను పనిచేయనిచ్చి, పాదపు ఒత్తిడిని తగ్గించి, మీటను 3 మిల్లీమీటర్ల దాపున నుంచి, 16వ నంబరు సూది వాడిన చాలును. పై పొర వెనుకబడి ముడుతపడుచున్నచో వాకింగ్ ఫుట్ అను అమరిక మేలు. తీగెలు, పువ్వులు కుట్టదలచిన వారు మొదట మంచి వేగ నియంత్రకమునకు ఖర్చు పెట్టవలెను. చట్రముపై పని నడుపుచు, కూలికి బొంతలు కుట్టి, రోజుకు పలు గంటలు మిషనువద్ద గడపువారికే రెగ్యులేటర్ తన వెలను తిరిగి యిచ్చును. ఇంటిలో కుట్టి నాలుగు రూకలు సంపాదించు స్త్రీకి ఈ వివేచన ముఖ్యము. అక్కరలేని సాధనపు అప్పు ఎన్నో బొంతల కూలిని మ్రింగును.

1924వ సంవత్సరములో యంత్రములనుగూర్చి సంభాషించుచు గాంధీజీ సింగర్ కుట్టుమిషనుకు మినహాయింపు నిచ్చిరి. మనిషి శ్రమను తేలిక చేయుచు, మనిషి అవయవములను మొద్దుబార్చని యంత్రము ఆయనకు సమ్మతమే. ఈ కొలతనే మన సాధనములకును పట్టి చూడవచ్చును.

కొనుటకు ముందు ఒక పరీక్ష చేయుడు. జానెడు పాతచీర ముక్కలు రెంటి నడుమ పలుచగా దూది పరచి, పళ్ళు దింపి, ఒకే వేగమున సూదిని నడపుచు పది నిమిషములు సున్నలు చుట్టుడు. తరువాత స్కేలు ఉంచి రెండున్నర సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నవో నాలుగుచోట్ల లెక్కింపుడు. పది కుట్లకు ఒకటిరెండు హెచ్చుతగ్గులే యున్నచో మీ చేతికి రెగ్యులేటర్ అక్కరలేదు. మలుపులవద్ద కుట్లు చిక్కబడుచున్నచో అచ్చట చేయి వెనుదీయుచున్నదని అర్థము. వారము దినములు దినమునకొక ముక్క కుట్టి, తేదీ వ్రాసి యుంచుడు. ఏడవ ముక్కను మొదటిదానితో పోల్చి చూచిన పిమ్మట అంగడికి వెళ్లవలెనా, వలదా యని మీరే నిర్ణయింపగలరు.