పాత రేడియోలో ఈ "గుమ్మ్" ఎక్కణ్ణుంచి వస్తోంది?

ముందు ఈ సౌండ్ వినండి. గుమ్మ్‌మ్‌మ్... అటక మీంచి దింపిన మా తాతయ్య వాల్వు రేడియో. ముప్పై ఏళ్ల తర్వాత ఆన్ చేస్తే మొదట పలికింది ఇదే. పక్క గదిలోంచి అమ్మమ్మ, "ఏంట్రా, అందులో తుమ్మెద దూరిందా?" అంది. (నేరుగా ప్లగ్ పెట్టలేదు, మధ్యలో సిరీస్ బల్బు పెట్టా. మీరూ అలాగే చేయండి.)

ఎవర్నడిగినా ఒకటే మాట: కెపాసిటర్లన్నీ మార్చెయ్. కోడ్ రాసి బతికినవాణ్ణి, బగ్ ఎక్కడుందో చూడకుండా పది ఫైళ్లు మార్చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే ముందు వాల్యూమ్ నాబ్ పూర్తిగా తగ్గించా. హమ్ తగ్గలేదు. అంటే అది వాల్యూమ్ కంట్రోల్ దాటాకే కలుస్తోంది: పవర్ సప్లైలోనో, అవుట్‌పుట్ వాల్వు దగ్గరో. నాబ్‌తో పాటు హమ్ కూడా తగ్గితే దానికి ముందున్న స్టేజీలు, షీల్డు ఊడిన వైర్లు చూసుకోవాలి.

రెండో క్లూ మీ ఫోన్‌లోనే ఉంది. స్పెక్ట్రమ్ అనలైజర్ యాప్ తెరిచి స్పీకర్ దగ్గర పెట్టా. 100 హెర్ట్జ్ దగ్గర పెద్ద గీత! మన కరెంటు 50 హెర్ట్జ్. ఈ సెట్లో ఉన్న రెక్టిఫైయర్ వాల్వు ఈజెడ్80. అది ఏసీ అలలో రెండు సగాలనూ వాడుకుంటుంది, కాబట్టి సప్లై హమ్ 100లో వస్తుంది. గీత 50 దగ్గర లేస్తే వాల్వు హీటర్ లీకేజీని అనుమానించేవాణ్ణి. ఒక సగమే వాడుకునే సెట్లలో సప్లై హమ్ కూడా 50లోనే ఉంటుంది, అక్కడ ఈ టెస్టు చెల్లదు.

సో, దొంగ ఫిల్టర్ కెపాసిటర్. లోపలి ద్రవం ఎండిపోయింది. ఇక్కడ జాగ్రత్త: ప్లగ్ పీకేశాక కూడా అందులో 250 వోల్టులకు పైన నిలవుండొచ్చు. రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మల్టీమీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టా. కొత్తవి 47 మైక్రోఫారడ్, 450 వోల్టులవి రెండు వేశా. పెద్దది వేస్తే ఇంకా మంచిదేమో అనుకోకండి. ఈజెడ్80 తర్వాత మొదటి కెపాసిటర్ 50 దాటితే దెబ్బ ఆ వాల్వుకే.

హమ్ పోయిందా? పోలేదు! సన్నగా, జుమ్మని ఇంకో రకం మిగిలింది. రెండు రాత్రులు తల పట్టుకున్నా. తప్పు నాదే. మొదటి కెపాసిటర్ నెగటివ్ కాలుని చేతికందిన చోట, ఆడియో వాల్వు గ్రౌండ్ పక్కనే, ఛాసీకి సోల్డర్ చేసేశా. అది ఛార్జ్ అయ్యే కరెంటు కుదుపులు కుదుపులుగా ఆ గ్రౌండ్ లోంచే వెళ్తోంది. ఆ కాలు ఊడదీసి, ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ దగ్గరికి మార్చా. నిశ్శబ్దం.

వెనక గ్రామఫోన్ సాకెట్‌కి ఫోన్ కలిపి ఘంటసాల పాట వేశా. ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు కాబట్టే కలిపా. అది లేని సెట్లలో ఛాసీకే కరెంటు ఉండొచ్చు, ఫోన్ జోలికి వెళ్లకండి. అమ్మమ్మ వచ్చి, నన్ను పక్కకి జరగమని, నాబ్ తనే తిప్పుకుంది.