వెలుగు చుక్కల సమత్వము



సీసపు అక్షరములతో పుస్తకములు అచ్చువేసిన దినములలో, ఒక అక్షరము అరిగిపోయినచో అది పడిన ప్రతిచోటను మసకగానే కనబడుచుండెను. చదువరి సర్దుకొని చదువుకొనెడివాడు. నేడు పుస్తకమును, పత్రికయు చేతిలోని ఫోను తెరమీదికి వచ్చినవి. అచ్చట అక్షరము సీసముతో గాక వెలుగు చుక్కలతో కూర్పబడుచున్నది. ఆ చుక్కలలో కొన్ని మసకబారినచో ఏమగును? దూరదేశమందున్న కుమారుని ముఖమును తెరపై చూచుచున్న తల్లికి, అతని చెంపమీద లేని మచ్చ కనబడును. లేనిదానిని ఉన్నట్లు చూపు తెర ఎంత కాంతివంతమైనను నమ్మదగినది కాదు. ఆ మచ్చ పడకుండ ఇంజనీర్లు కనుగొనిన ఉపాయమే నేటి ప్రసంగ విషయము.

ఎల్‌సీడీ తెరలో వెలుగు వెనుకనుండి వచ్చును; ప్రతి చుక్కయు తలుపువలె దానిని కొంత రానిచ్చి కొంత ఆపును. ఓఎల్ఈడీ తెరలోనో, చుక్కయే దీపము. 1987లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడక్ సంస్థకు చెందిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అను శాస్త్రజ్ఞులు, పలుచని సేంద్రియ పదార్థపు పొరలగుండ విద్యుత్తును పంపి, 10 వోల్టులకు లోపుననే చక్కని వెలుగును రాబట్టవచ్చునని ప్రకటించిరి. ఈ దీపము స్వభావమేమనగా, దానిగుండ ప్రవహించు కరెంటును బట్టియే దాని వెలుగు.

పూర్తి హెచ్‌డీ అనబడు తెరలో అడ్డముగా 1920, నిలువుగా 1080 చొప్పున 20,73,600 చుక్కలుండును. చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు దీపములు చొప్పున మొత్తము 62,20,800 దీపములు. ఇన్నిటికి ఒకేసారి ఆజ్ఞనిచ్చుట సాధ్యము కాదు గనుక వరుస వెంబడి వరుసకు ఇత్తురు. సెకనుకు 60 బొమ్మలు మారుచుండగా ఒక్కొక్క వరుసకు దొరకు కాలము సుమారు 15 మైక్రోసెకండ్లు మాత్రమే. అప్పుడు చెప్పిన మాటను, తిరిగి వంతు వచ్చువరకు దీపము జ్ఞాపకముంచుకొనవలెను. ఇందులకై దీపదీపమునకు రెండు ట్రాన్సిస్టర్లు, ఒక కెపాసిటరు అమర్చిరి. మొదటి ట్రాన్సిస్టరు ఆజ్ఞను లోనికి విడుచును. కెపాసిటరు దానిని దాచును. రెండవ ట్రాన్సిస్టరు ఆ మేరకు కరెంటును పంపును. చుక్కచుక్కకు ట్రాన్సిస్టరు నమర్చు ఆలోచనను 1970ల ఆరంభముననే పిట్స్‌బర్గులోని వెస్టింగ్‌హౌస్ ప్రయోగశాలలో పీటర్ బ్రోడీ బృందము ఆచరణలోనికి తెచ్చియుండెను.

చిక్కంతయు ఆ రెండవ ట్రాన్సిస్టరుతోనే. అది చెరువు తూమువంటిది. తూము గడపను దాటి నీటిమట్టము పెరిగినగాని నీరు పారదు. ట్రాన్సిస్టరునకును అట్టి గడప యొకటి కలదు. వోల్టేజి దానిని దాటిన తరువాతనే కరెంటు పారును. లక్షలాది తూములకు గడప లన్నియు ఒకే ఎత్తున నుండునా? గాజు పలకపై పరచిన సిలికాను పొరను లేజరు కాంతితో కరగించి గట్టిపరచునప్పుడు స్ఫటికపు రేణువులు చోటికొక తీరుగా ఏర్పడును. స్ఫటికరూపము లేని సిలికానుతో చేసినవి మొదట ఇంచుమించు సమముగనే యుండును గాని, పనిచేయగా పనిచేయగా వాని గడప పెరిగిపోవును. పైగా గడపను దాటిన వోల్టేజి యొక్క వర్గమును బట్టి కరెంటు మారును. గడపను 1 వోల్టు దాటించుటకు పంపిన ఆజ్ఞ, గడప 0.1 వోల్టు హెచ్చుగా నున్నచోట 0.9 వోల్టు మాత్రమే దాటును. 0.9ని 0.9తో హెచ్చించిన 0.81, అనగా కరెంటు నూటికి 19 వంతులు తగ్గినది! తల్లి కంటికి మచ్చగా తోచునది ఇదియే. ఎల్‌సీడీలో ట్రాన్సిస్టరు పని తెరచి మూయుట మాత్రమే గనుక ఇంతటి బాధ లేదు.

గడపలన్నిటిని ఒకే ఎత్తున కట్టుటకు పాటుపడుట ఒక మార్గము. ప్రతి తూము గడపను దానిచేతనే చెప్పించుట మరియొక మార్గము; ఇదియే మేలైనదని తేలినది. రైతునకు ఇది సులభముగ బోధపడును. తూము ముందు నీరు నింపి విడిచినచో కొంతసేపటికి పారుట దానంతటదియే ఆగిపోవును. ఆగినచోటి మట్టమే ఆ తూము గడప ఎత్తు. కొలబద్దతో పని లేదు. ఆ మట్టముపైన కావలసినంత నీరు పెట్టినచో, గడపలు ఎట్లున్నను, ఒకే కొలత గల తూములన్నియు సమముగనే పారును. ట్రాన్సిస్టరు విషయమునను ఇట్లే. దాని ద్వారమును నిర్గమమును క్షణకాలము కలిపినచో వోల్టేజి గడపవద్దకు చేరి ఆగును. కెపాసిటరు దానిని దాచుకొనును. బొమ్మ ఆజ్ఞ ఆ గడపతో కలిసియే అమలగును. 1998లో అమెరికాలోని సార్నాఫ్ సంస్థకు చెందిన డాసన్ మొదలగువారు ఈ రీతిని నాలుగు ట్రాన్సిస్టర్లతో ప్రకటించిరి. నేటి ఫోనులలో దీపమునకు ఏడు ట్రాన్సిస్టర్లుండుట సాధారణము. కంటికి కనబడని ఒక చుక్కలో ఏడింటిని ఇముడ్చుటయే కాక, ఆ 15 మైక్రోసెకండ్ల లెక్కలోనే ఈ కొలతకును కాలము చూపవలెను. పని చిన్నది కాదు.

అయినను దీపము ముసలిదగుటను ఈ ఉపాయము ఆపలేదు. కరెంటు సమముగ నున్నను సేంద్రియపు పొర వాడుకతో క్షీణించి వెలుగు తగ్గును; అందును నీలపు దీపము త్వరగా వాడును. వార్తల ఛానెలు గుర్తు ఎడతెగక ఒకేచోట నిలిచినచో ఆ నీడ తెరమీద మిగులుట ఇందువలననే. పెద్ద ఓఎల్ఈడీ టెలివిజనులలో ఈ మార్పులను బయటి చిప్పులు కొలిచి, రాబోవు ఆజ్ఞలను సరిదిద్దును. ఆ కొలత పెక్కింటిలో టీవీ ఆపిన తరువాత, తెర చీకటిగా నున్నప్పుడు జరుగును. రిమోటుతో ఆపిన వెంటనే గోడమీది స్విచ్చిని కూడ కట్టివేయు ఇండ్లలో దానికి అవకాశము దొరకదు.