బెల్ట్ బైక్‌లో పుల్లీ మార్చాలనుకుంటున్నారా? ముందు నా కథ వినండి

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం నా పరువు తీసే ఎపిసోడే. అయినా చెప్తాను. ఎందుకంటే నేను చేసిన తప్పు మీరు చేయకూడదు.

నా దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ క్రూజర్ ఉంది. బ్రాండ్ పేరు వద్దులెండి, తప్పు బండిది కాదు, నాది. దానికి చైన్ ఉండదు, బెల్ట్ ఉంటుంది. బెల్ట్ అంటే గ్రీజు పూసే పని లేదు, శబ్దం లేదు, ప్యాంటుకి మరకలు లేవు. హార్లే డేవిడ్‌సన్ 1980లో స్టర్జిస్ మోడల్‌తో దీన్ని తెచ్చింది. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే రివోల్ట్ ఆర్‌వీ400, ఏథర్ 450 లాంటి ఎలక్ట్రిక్ బండ్లలో కూడా బెల్టే. కాబట్టి ఇది పెద్ద బైకులవాళ్ల గొడవ మాత్రమే అనుకోకండి.

సరే, విషయానికి వద్దాం. విజయవాడ హైవే మీద 90లో వెళ్తుంటే ఇంజిన్ మరీ ఎక్కువ తిరుగుతోందని నాకు అనిపించేది. ముందు పుల్లీకి 28 పళ్లు, వెనక పుల్లీకి 68. 68ని 28తో భాగిస్తే 2.43. అంటే ముందు పుల్లీ 2.43 సార్లు తిరిగితే వెనక చక్రం ఒకసారి తిరుగుతుంది. ముందు 30 పళ్లది వేస్తే ఈ నంబర్ 2.27 అవుతుంది. అదే స్పీడులో ఆర్‌పీఎం దాదాపు 7 శాతం తగ్గుతుంది. 4000 తిరిగే ఇంజిన్ సుమారు 3730 తిరుగుతుంది. హాయిగా ఉంటుంది కదా!

ఇక్కడ ఒక చిన్న సూత్రం గుర్తుపెట్టుకోండి. ముందు ఒక పన్ను మారిస్తే మూడున్నర శాతం తేడా వస్తుంది. వెనక ఒక పన్ను మారిస్తే ఒకటిన్నర శాతమే. అందుకే అందరూ ముందు పుల్లీ మీదే పడతారు. ఖర్చు తక్కువ, ఎఫెక్ట్ ఎక్కువ.

నేను కూడా అలాగే పడ్డాను. సాఫ్ట్‌వేర్ బుర్ర కదా, ఒక్క నంబర్ మార్చేస్తే అయిపోతుంది అనుకున్నాను. టెస్టింగ్ లేకుండా నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టేశాను అన్నమాట.

నేను మర్చిపోయింది ఏంటంటే, బెల్ట్ పొడవు. చైన్ అయితే రెండు లింకులు కలపొచ్చు, రెండు తీసేయొచ్చు. బెల్ట్ అతుకు లేని రింగు. దాని పొడవు ఫిక్స్. ముందు పుల్లీ పెద్దదైతే అది ఎక్కువ బెల్ట్ తీసుకుంటుంది, కాబట్టి వెనక చక్రం ముందుకి జరగాలి. ఎంత? బెల్ట్ పుల్లీని సగం వరకే చుట్టుకుంటుంది. రెండు పళ్లు పెరిగితే ఒక పన్ను దూరం బెల్ట్ ఎక్కువ కావాలి. పన్నుకీ పన్నుకీ మధ్య 14 మి.మీ. అనుకుంటే, ఆ 14ని పైన ఒక వరస, కింద ఒక వరస పంచుకుంటాయి. అంటే యాక్సిల్ 7 మి.మీ. ముందుకి రావాలి. నా బండిలో అడ్జస్టర్‌కి అంత చోటు లేదు. 4 దగ్గరే ఆగిపోయింది. మెకానిక్ అన్న "కొంచెం టైట్‌గా ఉంది, రన్నింగ్‌లో సెట్ అయిపోద్దిలే" అన్నాడు. నేనూ తలూపాను.

వచ్చిన ఆదివారం నాన్నని వెనక కూర్చోబెట్టుకుని శ్రీశైలం బయల్దేరాను. ఆయన రిటైరయ్యాక నాతో బండి మీద దూరం రావడం అదే మొదటిసారి. ప్లెయిన్ రోడ్డు మీద బండి వెన్నలా పోయింది. కీ...మని సన్నగా శబ్దం మాత్రం వస్తోంది. పట్టించుకోలేదు. డ్యామ్ దాటి సున్నిపెంట వైపు ఎక్కుతుంటే అసలు రంగు బయటపడింది. ఇద్దరి బరువు, మలుపు, ఎదురుగా బస్సు. ఫస్ట్ గేర్‌లో కూడా లాగట్లేదు, హాఫ్ క్లచ్ మీదే నడిపిస్తున్నాను. మలుపులో ఒక్కసారిగా 'ఠప్' మంది. బెల్ట్ తెగింది.

బెల్ట్ తెగితే ఏమవుతుందో తెలుసా? ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, చక్రానికి మాత్రం సంబంధం ఉండదు. గేర్‌లో ఉన్నా బండి ఆగదు, ఇంజిన్ బ్రేకింగ్ సున్నా. బండి వెనక్కి జారడం మొదలైంది. బ్రేకులు రెండూ గట్టిగా పట్టుకుని "నాన్నా, దిగు!" అని అరిచాను. ఆయన దిగి, బండి వెనక చెయ్యి పెట్టి ఆపుతున్నాడు. ఎదురు బస్సు డ్రైవర్ ఆపాడు కాబట్టి సరిపోయింది. అదే దిగేటప్పుడు తెగి ఉంటే?

నాన్న తిట్టలేదు. గట్టు మీద కూర్చుని, నీళ్లు తాగి, "దీన్ని మార్చమని ఎవరైనా అడిగార్రా?" అన్నాడు. అంతే. సాయంత్రం ట్రాలీ ఆటోలో బండెక్కించి తెచ్చాను. చైన్ అయితే ఊళ్లో ఏ మెకానిక్ అయినా అతికేవాడు. బెల్ట్ మార్చాలంటే చక్రం ఊడదీయాలి, కొన్ని బండ్లలో స్వింగ్ ఆర్మ్ దాకా వెళ్లాలి.

మరి మార్చకూడదా? మార్చొచ్చు, కానీ పద్ధతి ఉంది.

ఒకటి, ముందు ఎన్ని పళ్లు పెంచితే వెనక అన్ని తగ్గించండి. 28, 68 బదులు 30, 66 వేస్తే యాక్సిల్ దాదాపు ఉన్నచోటే ఉంటుంది. లేదా ఆ పుల్లీలకి సరిపడే పళ్లున్న వేరే బెల్ట్ కొనండి. పన్ను సైజు, ఆకారం, వెడల్పు మూడూ కలవాలి.

రెండు, టెన్షన్. మాన్యువల్ చూడండి. చాలా బండ్లలో కింది వరస మధ్యలో సుమారు 4.5 కిలోల బలంతో నొక్కి, ఎంత కదిలిందో కొలుస్తారు. చక్రం తిప్పుతూ అన్నిటికంటే టైట్‌గా ఉన్నచోట, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి. టైట్ బెల్ట్ తను తెగడమే కాదు, గేర్‌బాక్స్ బేరింగ్‌ని కూడా తినేస్తుంది.

మూడు, స్పీడోమీటర్. సెన్సర్ చక్రం దగ్గరుంటే తేడా రాదు. నా బండిలో గేర్‌బాక్స్ దగ్గరుంది. మీటర్ 84 చూపిస్తుంటే అసలు స్పీడ్ 90! కెమెరాకి మీ మీటర్‌తో పని లేదు.

నాలుగు, మీ రోడ్డేంటో ఆలోచించుకోండి. హైవేలో మిగిలిన 7 శాతం ఘాట్‌లో మీ దగ్గర తీసుకుంటారు. ఫ్రీగా ఏదీ రాదు. ఎలక్ట్రిక్ బండికైతే మార్చుకోవడానికి గేర్లే లేవు, ఎక్కేటప్పుడు ఆ బరువంతా మోటార్ మీదే, వేడి రూపంలో.

నేను మళ్లీ 28 పళ్ల పుల్లీ, కొత్త బెల్ట్ వేయించాను. హైవేలో ఇంజిన్ కాస్త ఎక్కువే తిరుగుతోంది. తిరగనీ. పోయిన నెల నాన్నతో శ్రీశైలం పూర్తి చేశాను. ఆ మలుపు దగ్గర ఆయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు, పైకెక్కాకే వదిలాడు.

మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా పుల్లీ మార్చే ప్లాన్‌లో ఉంటే ఈ ఎపిసోడ్ పంపించండి. వచ్చే వారం కలుద్దాం. హెల్మెట్ మర్చిపోకండి, వెనక కూర్చునేవాళ్లకి కూడా. బై!