పక్షవాతము తరువాతి సంవత్సరములు

(సంఘ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



పక్షవాతమునకు రాజని లేదు, పేద యని లేదు, ఎవరిని పట్టవలెనో వారిని పట్టునని పెద్దలు చెప్పుకొనుట కలదు. ఈ మాటలో సగము నిజమున్నది. మెదడునకు పోవు రక్తనాళములో గడ్డ అడ్డుపడినను, ఆ నాళము చిట్లి రక్తము స్రవించినను, ఆ క్షణమున రోగి సంచిలోని పైకమును వ్యాధి లెక్కపెట్టదు. కాని పడినవాడు లేచునా, లేచినవాడు ఐదేండ్లో పదియేండ్లో బ్రతుకునా యను ప్రశ్న వచ్చునప్పటికి జీతమును, చిరునామాయును రెండును వచ్చి మంచము ప్రక్కన కూర్చుండును. ఈ ప్రసంగమునకు విషయము ఆ రెండే.

ముందుగా చిరునామా సంగతి. తిరువనంతపురములోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థకు చెందిన వైద్యులు 2005లో ఆ నగరమందును, ఆ ప్రాంతపు గ్రామములందును ఆరు నెలలపాటు పక్షవాతము వచ్చినవారి లెక్క తీసిరి. ఆ లెక్క 2009లో ప్రకటింపబడినది. వయోభేదములను సరిచేసి చూడగా, సంవత్సరమునకు లక్షమందిలో నగరమున 135 మందికిని, గ్రామములలో 138 మందికిని ఈ వ్యాధి వచ్చినట్లు తేలినది. అనగా తేడా లేదనియే చెప్పవలెను. అయితే ఇరువదియెనిమిది దినములలోపలనే మరణించినవారు నగరమున నూటికి 24.5, గ్రామములలో 37.1. వ్యాధి సమముగనే వచ్చినది; మృత్యువు మాత్రము పల్లెబాటనే ఎక్కువగా నడచినది. కేరళ గ్రామమనగా ఊరును ఊరును కలిసిపోయిన సీమ. బస్సు దొరకని చోటు అరుదు, చదువు లేని ఇల్లు అరుదు. అట్టి చోటనే ఇంత అంతరమున్నప్పుడు ఏజెన్సీ కొండలలోని గూడెము మాట వేరుగ చెప్పనక్కరలేదు.

దూరమునకు ఇంత బలమెట్లు వచ్చినది? గడ్డను కరిగించు మందు మూడు గంటలలోపల ఇచ్చినచో మేలు చేయునని 1995లో అమెరికా వైద్యుల పరీక్షవలన స్థిరపడినది. ఆ గడువు నాలుగున్నర గంటల వరకు ఉండవచ్చునని 2008లో ఐరోపా వైద్యులు చూపిరి. గొట్టమును పంపి గడ్డనే లాగివేయు పద్ధతి 2015 నుండి గట్టి ప్రమాణముతో నిలిచినది. ఏరి చూచిన కొందరి విషయమున దానికి గడువు ఒక దినము వరకును కలదు. కాని ఏ మందునైనను ఇచ్చుటకు ముందు సి.టి. స్కాను తీసి, అది గడ్డయో రక్తస్రావమో తెలిసికొనక తప్పదు. రక్తము స్రవించుచున్నవానికి గడ్డ కరిగించు మందు ఇచ్చిన ప్రాణమే పోవచ్చును. రక్తము అందని మెదడు నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములను కోల్పోవునని 2006లో ఒక వైద్యుడు లెక్క వేసి చూపినాడు. ఇట్లుండగా స్కాను యంత్రము జిల్లా కేంద్రమునందుండి, రోగి అరువది కిలోమీటర్ల దూరమున నుండినచో గడియారమే తీర్పు చెప్పును.

దూరమనగా రోడ్డు దూరము మాత్రమే కాదు. మూతి వంకరపోయినది, మాట తడబడినది, చేయి లేవకున్నది. అయినను ‘గాలి సోకినది, తెల్లవారనిండు’ అనుకొనుటలో ఒక రాత్రి గడచును. ఊరి ఆర్.ఎమ్.పి. వచ్చి సెలైను ఎక్కించుటలో ఒక పూట పోవును. పావురపు రక్తముతో మర్దనము చేయించుటకు పొరుగూరు పోవువారు ఈనాటికిని లేకపోలేదు. 2005లో 108 అంబులెన్సు ఆంధ్రప్రదేశములో మొదలైన పిదప బండి కొరత కొంత తీరినది గాని, పిలువవలెనను తలపు ఇంటిలో పుట్టనిది బండి వచ్చుటెట్లు? హిమాచల ప్రదేశమున 2014లో ఒక మంచి ప్రయత్నము జరిగినది. నాడీవైద్యులు బహు కొద్దిమంది గల ఆ కొండల రాష్ట్రములో, జిల్లా ఆసుపత్రి వైద్యుడు స్కాను చిత్రమును ఫోను ద్వారా నిపుణునకు పంపి, ఆయన సలహాపై ప్రభుత్వము ఉచితముగ నిచ్చు మందును ఎక్కించు ఏర్పాటు చేయబడినది. నిపుణుని కొండ ఎక్కించుట కష్టము. చిత్రమును దింపుట సులభము.

ఇక ఆదాయము. ధనహీనునకు వైద్యము దొరకదు, కావున మరణించును అనుట సులభమైన సమాధానము. అది చాలదని కెనడా దేశపు ఆంటారియో రాష్ట్రము చూపినది. అచ్చట ఆసుపత్రి ఖర్చు ప్రజలందరి పక్షమున ప్రభుత్వమే భరించును. 1994 నుండి 1997 వరకు పక్షవాతముతో ఆసుపత్రులలో చేరిన దాదాపు 39,000 మందిని గూర్చి 2002లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము, రోగి నివసించు పేట ఆదాయము పదివేల డాలర్లు హెచ్చిన కొలదిని ముప్పది దినములలోపల మరణించు అపాయము నూటికి 9 వంతునను, ఒక సంవత్సరములోపల మరణించు అపాయము నూటికి 5 వంతునను తగ్గినది. ఆసుపత్రిలో వ్యాయామ చికిత్స, మాట నేర్పు చికిత్స పేద పేటలవారికి తక్కువగ అందినవి. మెడలోని రక్తనాళమునకు చేయు శస్త్రచికిత్సకై వారు ఎక్కువ దినములు వేచియుండవలసివచ్చినది. రుసుము లేని తలుపు ముందు కూడ వరుస యుండును. ఆ వరుసలో ఎవరిని అడుగవలెనో, ఎట్లు అడుగవలెనో ఎరిగినవాడు ముందునకు జరుగును.

స్వీడను దేశపు పక్షవాత పట్టికలు ఇంకొక ముఖ్యాంశమును బయటపెట్టినవి. తొలి వారములలో ధనికునకును పేదకును మధ్య అంతరము స్వల్పము. ఆసుపత్రి విడిచిన తరువాతనే అది పెరిగినది. తక్కువ ఆదాయము, తక్కువ చదువు, ఒంటరి నివాసము, ఈ మూడును ఆ తరువాతి మరణములతో ముడిపడియున్నవి. దీర్ఘకాలపు బ్రతుకు ఆసుపత్రిలో కంటె ఇంటిలోనే ఎక్కువగా నిర్ణయింపబడుచున్నదని దీనివలన గ్రహింపవచ్చును.

ఇంటిలో ఏమి జరుగును? మింగుట సరిగ రానివానికి తొందరపడి గంజి పోసినచో అది ఊపిరితిత్తులలోనికి పోయి జ్వరమై పరిణమించును. ప్రక్క మార్చనివానికి వీపున పడకపుండ్లు పుట్టును. కాలు నిలువనివాడు రాత్రి పెరటికి పోవుచు పడి తుంటి విరుగగొట్టుకొనును. అన్నిటికంటె పెద్ద భయము రెండవ దెబ్బ. దానిని ఆపునవి రక్తపుపోటు మాత్ర, రక్తము గడ్డకట్టకుండ చేయు మాత్ర, కొవ్వు తగ్గించు మాత్ర. వీనిలో ఖరీదైనవి లేవు. అయినను 2011లో ప్రకటింపబడిన పదిహేడు దేశముల పరిశోధనలో, గుండెపోటో పక్షవాతమో వచ్చి బ్రతికినవారిలో ఇట్టి మందు ఒక్కటియు వాడనివారు ధనిక దేశములలో నూటికి 11.2, భారతదేశము చేరియున్న పేద దేశముల వర్గములో నూటికి 80.2. మందు వాడకము పట్టణముల కంటె పల్లెలలో తక్కువ. మాత్ర వెల కొద్దిదే. కాని దానికై ఆసుపత్రికి పోయిన దినమున కూలి పోవును, బస్సు చార్జి పోవును, తోడు వచ్చిన కొడుకు కూలియు పోవును. ఒంట బాగున్నట్లు తోచిన నెలలో మాత్ర మానుటకు ఇంతకంటె కారణము వెదుకనక్కరలేదు.

సేవ చేయువారిని గూర్చి కూడ ఒక మాట. ఈ దేశములోని 14 ఆసుపత్రులలో 1250 మంది రోగుల విషయమున, ఇంటివారికే వ్యాయామ చికిత్స నేర్పి చూచిరి. 2017లో వెలువడిన ఫలితము నిరుత్సాహకరము: ఆరు నెలల పిదప మరణించినవారును, పరాధీనులైనవారును కలిపి రెండు వర్గములలోను నూటికి 47. ఇల్లాలి భుజములపై శిక్షణ అను పేర మరియొక బరువు పెట్టినంత మాత్రమున శిక్షితుల కొరత తీరదు. ఆ ఇల్లాలు ఎప్పుడు నిద్రించుచున్నదో ఏ పట్టికయు చెప్పదు.

తెలుగు పల్లెలకు ఇది దూరపు సంగతి కాదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, సుమారు 1,80,000 జనాభాలో, 2003–2004 ప్రాంతమున జరిగిన మరణముల కారణములను ఇంటింట విచారింపగా, నూటికి 32 గుండె, రక్తనాళముల వ్యాధులవలననే యని తేలినది. అందులో గుండెజబ్బుతో సమానముగ పక్షవాతమునకు పాలున్నది. పచ్చని వరిచేలు, కాలువలు గల సీమలో కూడ పల్లెలను పీడించునవి అంటువ్యాధులే యను పాత నమ్మకము దీనితో తొలగినది. పిదప తెలంగాణము, కేరళము, పంజాబు మొదలగు ఐదు రాష్ట్రములలో మొదట ఆరంభమైన రక్తపుపోటు నియంత్రణ కార్యక్రమము మంచి దారి త్రొక్కినది: అందరికిని ఒకే వరుస మందులు, దగ్గరి ఆరోగ్య కేంద్రముననే ఒక్కసారి నెలకు సరిపడు మాత్రలు. కూలి నష్టమునకు సరియైన విరుగుడు ఇదియే.

ఉద్యోగుల విషయమునకు వత్తము. 1954లో ఢిల్లీలో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకపు కార్డు చేత నుండగా ఆదాయపు లోటు చాలవరకు పూడును. చిరునామా లోటు మాత్రము పదవీ విరమణతో మొదలగును. ముప్పదియేండ్లు మహానగరములలో గడిపినవాడు, రక్తపుపోటు బాగుగ ముదిరిన వయస్సున, స్వగ్రామమునకు చేరును. పథకము లేని చోట నివసించు పింఛనుదారునకు 2017 జులై నుండి నెలకు 1000 రూపాయల స్థిర వైద్యభత్యము ఏర్పడినది. దానిని బయటి వైద్యమునకు ఉంచుకొని, ఆసుపత్రిలో చేరవలసి వచ్చినప్పటికి కార్డును నిలుపుకొను వీలును కలదు. ఈ వీలు తెలియక కార్డునే వదలుకొనువారు కలరు. వేయి రూపాయలు మాత్రలకు చాలునేమో గాని, స్కాను యంత్రమును ఊరి దగ్గరకు జరుపజాలవు.

ఊరిలో ఇల్లు కట్టదలచినవారు స్థలమునకు వాస్తు చూతురు, బావినీటి రుచి చూతురు, బంధువులెవరు దగ్గరనున్నారో చూతురు. రాత్రి రెండు గంటలకు స్కాను తీయు ఆసుపత్రి ఎంత దూరమున నున్నదని విచారించువారు తక్కువ. అది ఒక దినపు విచారణ. ఆటో తోలు కుర్రవాడైనను చెప్పగలడు. ఆసుపత్రి పేరును, ఫోను నంబరును, ఇంటి యజమాని వాడు మాత్రల పేర్లను ఒక కాగితముపై తెలుగులో వ్రాసి వంటయింటి గోడకు అంటించుట మంచిది. పడినవాడు మాట పోయి యుండగా ఆ వివరములు చెప్పవలసినది ఇల్లాలు గదా.