పసుపు పక్కన ఏ రంగు?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో, కుట్టుపని చేసే సంఘం తరఫున ఒక సభ్యురాలు మాట్లాడిన మాటలు)



నన్ను కుట్టుపని గురించి రెండు మాటలు చెప్పమన్నరు. నేను రంగుల గురించి చెప్త. ఎందుకంటే మాకు నష్టం వచ్చింది కుట్టులో కాదు, రంగులో.

మన బాసరకు పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తరు. వసంత పంచమికైతే చెప్పనక్కరలేదు. పలక, బలపం, పుస్తకం పెట్టుకునే గుడ్డసంచి కుడితే పోతదని అనుకున్నం. సంఘంలో అప్పు తీసుకొని నూరు సంచులు కుట్టినం. అమ్మవారికి పసుపు కదా అని పసుపు గుడ్డ తెచ్చినం. దాని మీద తెల్ల అక్షరాలు, ఎర్ర అంచు, ఆకుపచ్చ పట్టీలు, నీలం పువ్వు. బాగున్న రంగులన్నీ పెట్టినం. సగం కూడా పోలేదు. అమ్మకానికి పెట్టుకున్న దుకాణపాయన, “కుట్టు మంచిగనే ఉందమ్మా, చూస్తే కండ్లు గుంజుతున్నయ్” అన్నడు. సంచులు ఇంట్లో ఉన్నయ్, వాయిదా మాత్రం నెలనెలా కట్టినం.

ఆ ఏడు పండుగకు మా బిడ్డ ఫోన్లో బతుకమ్మ ఫోటో తీసింది. అందులో రంగులు లెక్కపెట్టిన. ఐదు. మా సంచిలో కూడా ఐదే. మరి బతుకమ్మ కంటికి ఇంపుగ ఎందుకుంది, మా సంచి ఎందుకు లేదు?

చూసినకొద్దీ తెలిసింది. మేము పేర్చిన బతుకమ్మలో తంగేడు పసుపు నిండుగ ఉంది. వరుసల నడుమ తెల్ల గునుగు. కింద గుమ్మడాకు ముదురు ఆకుపచ్చ. బంతి కొంచెం. గులాబీ రంగు అద్దిన గునుగు ఒక్క వరుసే. అంటే ఒక రంగు ఇంటిపెద్ద, ఒకటి రెండు రంగులు తోడు, ఒకటి బొట్టంత. మా సంచిలో ఐదుగురూ పెద్దమనుషులే. అందుకే కొట్లాట.

అప్పటి నుంచి ఏది కుట్టినా ముందు ఫోటో చూస్తం. ఎట్లనో చెప్త.

మొదలు, పొద్దుటి వెలుతురులో ఫోటో తీయాలె. మిట్టమధ్యాహ్నం ఎండకు రంగులు తెల్లబోతయ్. ట్యూబ్‌లైటు కింద వేరే తీరు కనబడతయ్. గోదావరి ఘాటు, చేనులో పత్తి, మోదుగు పూలు, పాత చీర కొంగు, ఏదైనా సరే. మీ కంటికి నచ్చింది తీయండి.

రెండోది, ఆ ఫోటోలోంచి నాలుగైదు రంగులకు మించి తీసుకోవద్దు. గుడ్డను పది పాళ్లు అనుకుంటే పెద్ద రంగుకు ఆరు పాళ్లు, తోడు రంగుకు మూడు, బొట్టు రంగుకు ఒకటి. ఇది గీత గీసినట్టు ఉండాలని కాదు, ఒక అంచనా. ఫోటో ఇస్తే రంగులు తీసిచ్చే అడోబీ కలర్, కూలర్స్ లాంటివి ఫోన్లో ఉన్నయ్. ఒక్కో రంగుకు ఆరు అంకెలు, అక్షరాల గుర్తు చూపిస్తయ్. అచ్చు వేసేవాళ్లకు ఆ గుర్తు పనికొస్తది. అయితే ఫోన్ ఎక్కువ ఉన్న రంగును పట్టుకుంటది, బొట్టంత ఉన్న కుంకుమను వదిలేయొచ్చు. ఆ బొట్టే అందమైతే మనమే చేర్చుకోవాలె.

మూడోది, అదే ఫోటోను ఫోన్లో నలుపు తెలుపు చేసి చూడండి. రెండు రంగులు ఒక్క తీరు బూడిదగ కనబడితే, ఒకదాని మీద ఇంకోదానితో అక్షరాలు రాయొద్దు. పసుపు మీద తెల్ల అక్షరాలు మమ్మల్ని ముంచింది ఇందుకే. పలక మీద బలపం ఎంత దూరానికైనా కనబడతది కదా!

నాలుగోది, రంగు ఒక్కటే చూడొద్దు, దాని పక్కన ఏముందో చూడాలె. పారిస్‌లో గోబెలిన్స్ అనే పేరున్న నేత కార్ఖానా ఉంది. 1824లో షెవ్రూల్ అనే శాస్త్రవేత్తను అక్కడ అద్దకం పనికి పెద్దగా పెట్టిన్రు. నల్ల దారం సరిగ్గా నల్లగ లేదని ఫిర్యాదులొచ్చినయ్. ఆయన పరీక్ష చేసి చూస్తే అద్దకంలో తప్పు లేదు. పక్కన నేసిన రంగుల వల్ల నలుపు వెలిసినట్టు కనబడుతున్నది. 1839లో దీని మీద పెద్ద పుస్తకమే రాసిండు. అంత దూరం ఎందుకు, మన నిర్మల్ చిత్రాలు చూడండి. నల్లటి నేల మీద బంగారు రంగు వెలిగిపోతది. అదే బంగారు రంగును తెల్ల కాగితం మీద వేస్తే అంత వెలుగు రాదు.

ఐదోది, ఫోన్లో కనబడ్డ రంగు దారంలో అచ్చం అట్లనే రాదు. దుకాణానికి పోతే గుడ్డముక్క పట్టుకపోండి, బయటికొచ్చి ఎండలో దారం పక్కన పెట్టి చూడండి. ఒక ఆర్డరుకు కావాల్సిన గుడ్డంతా ఒక్కసారే తీసుకోండి. మళ్లీ పోతే అద్దకం మారి రంగు తేడా రావచ్చు.

మా సంగతికి వస్త. ఆ బతుకమ్మ ఫోటో పెట్టుకొని, మరుసటి వసంత పంచమికి ముందు పది సంచులే కుట్టినం. తంగేడు పసుపు గుడ్డ, గుమ్మడాకు రంగు పట్టీలు, అదే రంగు అక్షరాలు, మూలకు ఒక్క గులాబీ పువ్వు. గుడ్డ అదే, కుట్టిన చేతులు అవే. పది పోయినంక యాభై కుట్టినం, అవీ పోయినయ్. అప్పు తీరింది. మొదటి సంచులు ఇంకా కొన్ని ఇంట్లో ఉన్నయ్, కూరగాయలకు వాడుకుంటున్నం.

అక్కలారా, గునుగుకు రంగు అద్ది, ఏ పువ్వు పక్కన ఏ పువ్వో చిన్నప్పటి నుంచి మనమే పేరుస్తున్నం. ఆ లెక్క మన చేతుల్లో ఉంది. సంఘం డబ్బు పెట్టే ముందు ఒక్క ఫోటో తీయండి, పది కుట్టి చూడండి, తర్వాతనే నూరు.