కిన్నెర కథయు వీడియో తెరయు
(మన్ననూరున జరిగిన వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు మాటాడవలసిన యీ వేదికపై నొక పాట వీడియోను గూర్చి ముచ్చటించుట కొందఱికి వింతగా దోపవచ్చును. కాని యా పాట నెత్తుకొన్నవాడు మన పొరుగువాడు. ఆతడు చిరకాలముగా బాడుచు వచ్చిన కథలలో నొకటి మన యింటి కథ. ఆ ధైర్యముతోనే నిలిచితిని.

2021వ సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన "భీమ్లా నాయక్" చలనచిత్రపు పేరుపాట వీడియోగా వెలువడెను. రామజోగయ్య శాస్త్రిగారు వ్రాయగా తమన్‌గారు స్వరపఱచిరి. దాని యారంభమును పాడినవారు దర్శనం మొగులయ్యగారు. ఇచటి కనతిదూరముననున్న లింగాల మండలము, అవుసలికుంట వారి గ్రామము. డక్కలి కులమువారు. వారి చేతిలోనిది పండ్రెండు మెట్ల కిన్నెర: వెదురు బొంగు, ఎండిన సొరబుఱ్ఱలు, మైనముతో నతికిన మెట్లు, తీగలు.  అడవియు, చేనును గలిసి చేసిన వాద్యమది.

ఆ వీడియో మొదలును శ్రద్ధగా జూడుడు. కథానాయకునికంటె ముందు కిన్నెరయు, కిన్నెరకాడును మన యెదుటికి వత్తురు. కోట్లు వెచ్చించి తీయు చిత్రమునకు గుమ్మము తెఱచువాడొక పల్లెకాడగుట చిన్న సంగతి గాదు. పాటలోని కథ నడచు తీరు నింకను గమనింపదగినది. నాయకుని పేరు మొదట రాదు. పుట్టిన చోటు చెప్పుటకు ముందు కానిచోట్లను గొట్టివేయును. పిమ్మట గుట్ట, తండా, చెట్టు, చెట్టుక్రింద నొప్పులు పడు తల్లి. ఆ తరువాత తండ్రి, తాత, ముత్తాత. వీరందఱి పేళ్లును వచ్చిన పిదపగాని బిడ్డ పేరు రాదు. ఇది కిన్నెరకథల పాతపద్ధతి. వీరుడు ముందుగా నొక తల్లి బిడ్డ, ఒక యూరి మనుష్యుడు. వీరుడగుట తరువాతి మాట. పేరు నాలస్యము చేసి, వినువాని చెవిని ముందుకు లాగుకొనుటయే యిందలి నేర్పు.

కిన్నెరకు మఱియొక పనియు గలదు. గాయకుడొక చరణము పాడి యాపగానే తీగలు దానినే మరల బలుకును. ఆ పలుకు సాగినంతసేపు వినువాడు తన మనస్సులో గుట్టను, చెట్టును, తల్లిని జూచుకొనును. బొమ్మ గీయుటకు వానికి దొరకు వ్యవధి యదియే. వీడియోలో నా వ్యవధిని చిత్రములు నింపివేసినవి. అంతలో డప్పుల హోరు లేచును, వేఱు గొంతుకలు చేరును, నాయకుని ఛాయాచిత్రములు వచ్చును, పాట మాటలు తెరపై నక్షరములై పరుగెత్తును. హుషారున్నది, కాదనను. యువకులు చప్పట్లు చరచినచో వారిని దప్పుపట్టను. అయినను రాత్రి తెల్లవారువఱకు సాగదగిన కథకు కొలది నిమిషముల పాటలో దక్కినది వాకిలి మాత్రమే.

లాభమును దాచరాదు. పల్లె కచ్చేరిలో దూరముగా గూర్చున్నవానికి మెట్లపై వ్రేళ్లాడు తీరు కనబడదు. కెమెరా దానిని కన్నుల యెదుటికి దెచ్చినది. కిన్నెరయను మాటయే యెఱుగని నగరవాసులు దాని పేరడిగిరి. 2022లో మొగులయ్యగారికి పద్మశ్రీ ప్రకటింపబడినది. అయినను 2024లో నాయన నగర శివారున దినకూలికి బోవుచున్నారని పత్రికలలో జదివితిమి. గుమ్మము తెఱచినవాడు గుమ్మము వెలుపలనే మిగిలెను.

ఈ చిత్రమునకు మూలమైన మలయాళచిత్రము "అయ్యప్పనుం కోశియుం" 2020లో వెలువడెను. అందును నిట్టి పద్ధతియే కలదు. అట్టప్పాడి కొండలలోని ఇరుళజాతి స్త్రీ నంజియమ్మ తన జాతి పాటను పాడెను. అందులకై యామెకు 2022లో ప్రకటించిన పురస్కారములలో నుత్తమ గాయనిగా జాతీయ గౌరవము లభించెను. ఆ పాట యామె వారు మున్నే పాడుకొను పాట. మన పాట సినిమాకై కొత్తగా నల్లినది. రెంటికిని గల యీ తారతమ్యమును పోషకులు మనసున నుంచుకొనగోరెదను.

ఇక నాకు మిక్కిలి ముఖ్యమైన మాట. భీమ్లా నాయక్ కథలో బోలీసు అధికారి. మొగులయ్యగారి కిన్నెర యంతకు బూర్వమెవరిని బాడెను? పండుగోళ్ల సాయన్నను బాడెను. కలవారి గాదెలు దోచి లేనివారికి బంచిన మన ముదిరాజు బిడ్డను, సర్కారువారు వెంటాడి పట్టుకొన్నవానిని బాడెను. వెంటాడబడినవాని పక్షమున మ్రోగిన తీగలే వెంటాడువాని పుట్టుకను గీర్తించుట వింత గాదా! దీనికై గాయకుని నిందింపరాదు. అడిగిన పాట పాడుట యాయన వృత్తి. కిన్నెర రూపమును దీసికొని, దాని లోపలి పగను విడిచిపెట్టుట తెరవారి నేర్పు.

మఱి మనమేమి చేసితిమి? సభలలో సాయన్న పేరు చెప్పి మీసములు దువ్వుదుము. ఆ కథను పల్లెపల్లెకు మోసినవారిలో మనవారికంటె ముందు చెప్పదగినది డక్కలివాడు. డక్కలివారు పరంపరగా మాదిగవారి నాశ్రయించి జాంబపురాణము వినిపించువారు. మనకు వారు బాకీపడలేదు. మనమే వారికి బాకీపడితిమి. మన వంటివారి వాకిట నిలిచినపుడు వారికి దక్కినది చేటెడు గింజలు, కొన్నిచోట్ల నదియు లేదు. పోషకులు నొచ్చుకొన్నను ఈ మాట చెప్పక తప్పదు.

కావున నా ప్రార్థన యిది. సాయన్న కథను కిన్నెరపై బాడనెఱిగినవా రుండగనే దానిని మొదటినుండి తుదివఱకు దెంపక వీడియోగా బట్టించవలెను. సినిమా సెట్టింగులు వలదు. ఊరి రచ్చకట్టయు, ఒక దీపమును జాలును. ఒక కెమెరా వ్రేళ్లపై నుండవలెను. వేఱొకటి వినువారి ముఖములపై నుండవలెను, ఏలన కథ సగము వారియందే జరుగును. తీగలు పలుకునపుడు బొమ్మలు చొప్పింపరాదు. గాయకుని పేరు తెరపై మొదట రావలెను, పోషకుల పేళ్లు తుదిని. సొమ్ము పాటకు ముందే గాయకుని చేతికందవలెను. కథలో మనవారికి రుచింపని ఘట్టమున్నచో దానిని దీసివేయుమని యెవ్వరును గోరరాదు.

ఖర్చుల పట్టికను కార్యదర్శిగారికి నొప్పగించితిని. రేపటి ఉదయము తీర్మానముల వరుసలో నీ విషయమును నాలుగవదిగా జేర్చిరి. సభ్యులు కాలమునకు వచ్చి, చర్చించి, తమ వంతు చందాను వ్రాయింప బ్రార్థించుచున్నాను.