రహదారి ధర్మము: అమెరికా, స్వీడను

మోటారుబండి పుట్టి నూరేండ్లు దాటినది. అది వెళ్లిన ప్రతి దేశమునకును దానివెంట వేగము వెళ్లినది. వేగమువెంట మృత్యువును వెళ్లినది. బండ్లు నడుపుటకు నియమములు లేని దేశము నేడు లేదు. అయినను ఒక దేశమున రహదారి మీద ప్రాణము చౌకగాను, మరియొక దేశమున ప్రియముగాను ఉండుట ఎందువలన? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై అమెరికా సంయుక్తరాష్ట్రములను, స్వీడను దేశమును ప్రక్కప్రక్కన నిలిపి చూతము.

2023వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో అమెరికాయందు మరణించినవారు 40,000 మందికి పైగా. స్వీడనులో సుమారు 230 మంది. అమెరికా జనసంఖ్య 33 కోట్ల పైచిలుకు. స్వీడను జనసంఖ్య కోటికి కొంచె మెక్కువ. లక్షమందికి ఇంతమంది యని లెక్కకట్టినచో అమెరికాలో 12 మంది, స్వీడనులో ఇద్దరు. అమెరికనులు ఎక్కువ దూరములు తిరుగుదురు గదా యని కొందరనవచ్చును. అది నిజమే. కాని తిరిగిన దూరమును బట్టి లెక్కించినను అమెరికాలోని మరణములు రెట్టింపునకు మించియే యున్నవి.

ఈ రెండు దేశములలోను బండ్లు కుడిప్రక్కనే నడచును. స్వీడనులో మాత్రము ఈ అలవాటు మొదటినుండి ఉన్నది కాదు. 1967 వరకు అక్కడివారును మనవలె ఎడమప్రక్కనే నడిపెడివారు. పొరుగుదేశములలో కుడిప్రక్క, ఇంట ఎడమప్రక్క! పైగా వారి కార్లలో పెక్కింటికి స్టీరింగు ఎడమవైపుననే యుండుటచేత, ముందుబండిని దాటబోవు డ్రైవరుకు ఎదురువచ్చు బండి సరిగా కనబడెడిది కాదు. 1955లో ప్రజాభిప్రాయము కోరగా నూటికి 83 మంది మార్పు వలదనిరి. అయినను 1963లో పార్లమెంటు మార్పునకే నిర్ణయించెను. నాలుగేండ్లు సన్నాహము చేసి, 1967 సెప్టెంబరు 3వ తేదీ ఆదివారము తెల్లవారుజామున 5 గంటలకు దేశమంతటను ఒక్కసారిగా ప్రక్క మార్చిరి. ఆ వేళ రోడ్డుమీద నున్న కొలదిపాటి బండ్లును ముందుగా ఆగి, మెల్లగా కుడివైపునకు జరిగి, మరల ఆగి, 5 గంటలైన పిదప కదలినవి. అందరును భయభక్తులతో నడుపుటచే కొంతకాలము ప్రమాదములు తగ్గినవి. భయము తీరినది, కొలది యేండ్లలో ప్రమాదములు పూర్వపు స్థితికే వచ్చినవి. మనుష్యుని జాగ్రత్త యొక్కదానిమీదనే భారము వేసినచో అది ఎంతకాలము నిలుచునో దీనివలన తెలియుచున్నది.

ఇక అమెరికా నియమములను చూతము. అక్కడ రహదారి నియమములు చాలవరకు ఏ రాష్ట్రమువి ఆ రాష్ట్రమునకే. వానిలో మెచ్చదగినవి కలవు. పసుపుపచ్చని బడిబస్సు ఆగి ఎర్రదీపములు వెలిగించినచో, నడుమ అడ్డుకట్ట లేని రోడ్డుమీద వెనుక వచ్చు బండ్లేకాక ఎదురువచ్చు బండ్లును ఆగి తీరవలయును. నాలుగు దారులు కలియుచోట నాలుగువైపులను ‘స్టాప్’ గుర్తులుండినచో ముందు వచ్చినవాడు ముందు పోవును. ఇద్దరొకేసారి వచ్చినచో కుడివైపువానికి దారి. పోలీసు లేకయే ఈ మర్యాద సాగుచుండును.

మరికొన్ని నియమములు తొందరపాటు పక్షము వహించినవి. ఎర్రదీపము వెలుగుచున్నను, ఒకసారి ఆగి చూచి, గుర్తుపలక వలదననిచోట కుడివైపునకు తిరుగవచ్చును. ఇది 1970 తరువాతి చమురు కరవునాడు పెట్రోలు పొదుపునకై దేశమంతటను వ్యాపించిన నియమము. న్యూయార్కు నగరములో సాధారణముగా ఇది చెల్లదు. స్వీడనులో అసలే లేదు. ఎడమనుండి వచ్చు బండ్లను చూచుచున్న డ్రైవరుకు, కుడిప్రక్కన దారి దాటుచున్న పాదచారి కంటబడకపోవచ్చును. ఆ చమురు కరవే మరియొక మేలును చేసినది. 1974లో దేశమంతటను గంటకు 55 మైళ్ల హద్దు విధింపగా, మరణములు ఒక్కయేట దాదాపు 9,000 తగ్గినవి. ప్రయాణములు తగ్గుటయు అందుకు కొంత కారణమే. 1995లో ఆ హద్దును ఎత్తివేసిరి. నేడు టెక్సాసులో ఒక రహదారిపై 85 మైళ్ల వరకు పోవచ్చును.

మద్యము విషయమున భేదము మరింత స్పష్టము. 100 మిల్లీలీటర్ల నెత్తురులో 80 మిల్లీగ్రాముల మద్యసారము అమెరికాలో సామాన్యముగా హద్దు. 2018 చివర యూటా రాష్ట్రము అందరికంటె ముందుగా దానిని 50కి దించినది. స్వీడనులో 1990 నుండియు ఆ హద్దు సుమారు 20. స్వీడను పోలీసులు అనుమానముతో పనిలేకయే ఏ డ్రైవరునైనను ఆపి ఊపిరి పరీక్ష చేయవచ్చును. అమెరికాలో దారికాచి పరీక్షించుటకు 1990లో సుప్రీంకోర్టు అనుమతించినను కొన్ని రాష్ట్రములు దానిని ఒప్పుకొనలేదు.

లైసెన్సు అమెరికాలో అనేక రాష్ట్రములందు 16 ఏండ్లకే లభించును. స్వీడనులో 18 నిండవలయును. అంతకుముందు రెండు శిక్షణలు తప్పవు. ఒకదానిలో మద్యము, అలసట చేయు కీడును తెలుపుదురు. రెండవదానిలో జారుడు నేలపై బండి నడిపించి, బ్రేకు వేసినను బండి ఆగకపోవుటను స్వయముగా అనుభవింపజేయుదురు. ముందుసీట్లలో బెల్టు కట్టుకొనుట స్వీడనులో 1975 నుండి విధి. అమెరికాలో 1984లో న్యూయార్కు రాష్ట్రము మొదట ఈ చట్టము చేసినది. ఛాతీకి, నడుముకు కలిపి బిగించు నేటి బెల్టు 1959లో స్వీడనుకు చెందిన వోల్వో కంపెనీ యింజనీరు నిల్స్ బోలిన్ కల్పించినది. దానిని ఇతర కంపెనీలును వాడుకొనుటకు వోల్వో అడ్డుచెప్పలేదు.

అయితే నియమముల వెనుక నున్న తలంపులోనే అసలు భేదము గలదని మా యభిప్రాయము. ప్రమాదము జరిగిన పిమ్మట ‘తప్పెవ్వరిది?’ యని అడుగుట లోకరీతి. 1997లో స్వీడను పార్లమెంటు ‘విజన్ జీరో’ యను విధానమును ఆమోదించి, మరియొక ప్రశ్న వేసినది: ‘తప్పు జరిగినను ప్రాణము పోకుండ రోడ్డు నెట్లు వేయవలయును?’ మనుష్యుడు పొరపడును. ఆ పొరపాటునకు మరణము శిక్ష కారాదు. రోడ్డు వేసినవారికిని, బండి తయారుచేసినవారికిని బాధ్యతలో పాలు గలదు. ఇదియే దాని సారము.

ఈ మాట కాగితముమీదనే నిలువలేదు. పాదచారులు, బండ్లు కలిసి తిరుగుచోట గంటకు 30 కిలోమీటర్లు మించిన దెబ్బను మనుష్యదేహము ఓర్వజాలదని తెలిసి, వేగమును ఆ లెక్కకు తగ్గించుచు వచ్చిరి. 13 మీటర్ల వెడల్పుగల వారి పెద్దరోడ్లమీద బండ్లు ఎదురెదురుగా ఢీకొని అనేకులు చనిపోయెడివారు. 1998 మొదలు అట్టి రోడ్లను మూడు వరుసలుగా విభజించి, మధ్యవరుసను ఒకసారి ఈ ప్రక్కవారికి, ఒకసారి ఆ ప్రక్కవారికి దాటుటకు విడిచి, నడుమ ఉక్కుతాళ్ల కంచె కట్టిరి. నిద్రతూగిన డ్రైవరు బండి కంచెను తాకి చెడును గాని ఎదురుబండి మీదికి పోదు. ఆ రోడ్లపై మరణములు నాలుగింట మూడు వంతులు తగ్గినవి.

అమెరికాకు ఈ విషయము తెలియదనుటయు న్యాయము కాదు. 1965లో రాల్ఫ్ నేడరు పుస్తకము కార్ల తయారీలోని లోపములను బయటపెట్టగా, మరుసటి యేడే వాహనరక్షణ చట్టము వచ్చినది. 1972లో 54,000 దాటిన మరణములు పిమ్మట తగ్గుచు వచ్చినవి. కాని కారులోపలివారికి కలిగిన రక్షణ బయట నడచువారికి కలుగలేదు. 2009లో సుమారు 4,100 మంది పాదచారులు మరణింపగా, 2022లో 7,500 మందికి పైగా మరణించిరి. అంగళ్ల నడుమ సాగు వెడల్పైన వేగపు రోడ్లు, నానాటికి ఎత్తును బరువును పెరుగుచున్న బండ్లు అందుకు ముఖ్యకారణములని చెప్పుదురు.

ఇది తీరని వ్యాధి కాదు. న్యూజెర్సీలోని హోబోకెన్ అను చిన్ననగరము మలుపులవద్ద బండ్లు నిలుపకుండ అడ్డుపెట్టి, దారి దాటువాడు డ్రైవరు కంటబడునట్లు చేసినది. 2022లో ఊరి వేగమును 20 మైళ్లకు తగ్గించినది. 2017 జనవరి తరువాత ఏడేండ్లపాటు ఆ యూరి వీధులలో ఒక్క ప్రాణమైనను పోలేదు.

ఈ సంగతులతో మనకును సంబంధము గలదు. పెక్కు తెలుగు కుటుంబముల బిడ్డలు నేడు అమెరికాలో కార్లు నడుపుచున్నారు. ప్రక్క మార్చుటకు స్వీడను నాలుగేండ్లు సిద్ధపడినది. మన బిడ్డ విమానము దిగిన కొలదిదినములకే ఆ మార్పును ఒంటరిగా చేసికొనవలసి యుండును. ఖాళీరోడ్డుమీద మలుపు తిరిగిన వెంటనే పాత అలవాటు ఎడమకు లాగును. కావున టెలిఫోనులో మాటాడునపుడు చదువు సంగతులతోపాటు ఈ మాటలును చెప్పుట మంచిది: మలుపు తిరిగిన ప్రతిసారి ఏ ప్రక్కన ఉన్నావో చూచుకొనుము, ఎర్రదీపమువద్ద కుడికి తిరుగుటకు తొందరపడకుము, వెనుకసీటులోనైనను బెల్టు కట్టుము, నిద్ర వచ్చినచో బండి ఆపుము.

స్వీడనులో ఇప్పటికిని ఏటేట రెండువందల మందికి పైగా చనిపోవుచున్నారు. వారు కోరిన సున్న ఇంకను దూరముననే యున్నది. అయినను ఆ రెండువందల మంది ఎందుకు చనిపోయిరని రోడ్డు వేసినవారిని కూడ అడుగు దేశమది. తక్కిన దేశములు దానినుండి నేర్వవలసినది ఈ యడుగుటయే.